ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

కిక్కు మీట నొక్క గిన్నెలు మోగెను
స్నేరు తట్ట చెవికి చిల్లు పడియె
మీట మీటకొక్క మేళమ్ము కట్టితి
సేవు చేయ మరచి చెడితి నేను

అవతారిక: పద్యకర్త పెళ్లిళ్లకూ గణపతి పందిళ్లకూ కీబోర్డు వాయించే ఆర్కెస్ట్రా మనిషి. పేరు చెప్పుకోలేదు, చెప్పుకొనే స్థితిలోనూ లేడు. ఒక పెళ్లి విందులో కరెంటు పోయి, జనరేటర్ అందుకొనేలోపు గడిచిన అర నిమిషం చీకట్లో ఈ పద్యం పుట్టింది. ఛందస్సు ఆటవెలది. కి–గి, స్నే–చి, మీ–మే, సే–చె అని నాలుగు పాదాల్లోనూ యతి చక్కగా చెల్లింది. ఆ రాత్రి కవికి చెల్లింది అదొక్కటే.

కిక్కు = బాస్ డ్రమ్ము శబ్దం. మత్తు అని అర్థం చెప్పినవారూ ఉన్నారు. పెళ్లి సందర్భం కనుక ఆ అర్థాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం.

మీట = 36వ నంబరు మీట. ఎలక్ట్రానిక్ వాద్యాల కోసం 1991లో వచ్చిన జనరల్ మిడి ఒప్పందం తాళవాద్యాలకు 10వ ఛానల్ కేటాయించింది. అందులో 35, 36 కిక్కుకు, 38, 40 స్నేరుకు, 42, 44, 46 కాలితో మూసి తెరిచే హైహ్యాట్ తాళాలకు. ఇంతవరకు అందరిదీ ఒకే మాట. అయితే ఈ 36నే యమహా వారు సి1 అంటారు, రోలాండ్ వారు సి2 అంటారు. మంత్రం ఒకటే, శాఖలు రెండు. ఒక శాఖవాడు ఫోన్‌లో సలహా చెబితే రెండో శాఖవాడు ఒక స్థాయి కిందనో పైనో తడుముకుంటూ ఉంటాడు. నంబరే ప్రమాణం, అక్షరం కాదు.

నొక్క = నొక్కగా; గిన్నెలు మోగెను = వంటింటి గిన్నెలు దొర్లిన చప్పుడు వచ్చెను. ఇక్కడ శంక. కిక్కు నొక్కితే గిన్నెలెందుకు మోగాలి? చిన్న స్పీకర్లకు 60 హెర్ట్జ్ దగ్గరి బరువు పలకదు కాబట్టి పైపై టక్కు మాత్రమే వినబడుతుందని ఒక వ్యాఖ్యాత. నిజమే, కానీ అంతమాత్రానికి గిన్నెలు మోగవు. సిద్ధాంతం ఇది. చాలా వర్క్‌స్టేషన్లలో డ్రమ్ కిట్ దిద్దేటప్పుడు చివరగా ఏ మీట తగిలితే దిద్దుబాటు దానికే పడుతుంది. కవి దిద్దాలనుకున్నది 48వ మీటలోని టామ్ డ్రమ్మును. టీ గ్లాసు అందుకోబోతే మోచేయి 36కు తగిలింది. తర్వాత తిప్పిన ట్యూనింగ్ అంతా కిక్కు నెత్తిన పడింది. శాంపిల్‌ను 12 స్వరస్థానాలు పైకి లేపితే అది రెట్టింపు వేగంతో నడిచి సగం సేపట్లోనే ఆరిపోతుంది. కిక్కులో కండ పోయి గోరు మిగులుతుంది.

స్నేరు తట్ట = స్నేరు అనే డ్రమ్మును తట్టగా. కిక్కుకు ‘నొక్క’ అనీ స్నేరుకు ‘తట్ట’ అనీ వేసిన ఔచిత్యం గమనించాలి. తట్టితేనే చెవికి చిల్లు పడిందంటే ఆ మీటకు వెలాసిటీ స్పందన సున్నా చేసి ఉందన్నమాట. మిడిలో దెబ్బ బలం 1 నుంచి 127 వరకు. సున్నా అంటే మీట వదిలినట్టే లెక్క. ఆ స్పందన తీసేస్తే దూదితో తాకినా దుడ్డుకర్రతో కొట్టినా ఒకటే మోత. తట్టింది కవి, చిల్లు పడింది ముందు వరుసలో కూర్చున్న వియ్యంకుడి చెవికి. కారణం ఒకచోట, కార్యం ఇంకొకచోట. అసంగత్యలంకారం.

మీట మీటకొక్క = మీట మీటకు + ఒక్క, ఉత్వసంధి. మేళమ్ము కట్టితి = ఇదే పద్యానికి ప్రాణం. మేళం అంటే బ్యాండు మేళం అనుకొని, 61 మీటలకు 61 మేళాలా అని వెక్కిరించినవారున్నారు. వారు ‘మేళవించు’ అనే క్రియను మరిచారు. వీణ మేళవించడమంటే శ్రుతి చేయడమే కదా. డ్రమ్ కిట్‌లో మీట మీటకూ వేరే స్థాయి, వేరే ట్యూనింగ్, వేరే డికే (మోత ఆరే తీరు), ఎడమా కుడీ చోటు, వేరే రివర్బ్ ఉంటాయి. పియానో శబ్దమైతే ఒకసారి దిద్దితే మీటలన్నిటికీ వర్తిస్తుంది. ఇక్కడ ప్రతి మీటా వేరింటి కాపురం.

కవి కోరిక చిన్నదే. ఫ్యాక్టరీ కిట్‌లో డప్పు లేదు, పాటకు డప్పు కావాలి. డప్పును రెండు పుల్లలతో కొడతారు. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. అందుకని 48లోని టామ్‌ను అయిదు స్వరస్థానాలు లేపి, డికే కోసి, సిర్ర దెబ్బ చేశాడు. 50లో ఉన్నదాన్ని ఇంకా పైకి లేపి, స్థాయి తగ్గించి, పుల్ల దెబ్బ చేశాడు. రివర్బ్ రెంటికీ సున్నా. ఇది సరైన పని. డప్పు వీధిలో మోగే వాద్యం, దానికి గుహ ప్రతిధ్వని తగిలిస్తే సినిమా ట్రైలరవుతుంది. పొరపాటు ఇంకోచోట జరిగింది. రెండు మీటలకూ ఒకే మ్యూట్ గ్రూప్ పడింది. ఆ ఏర్పాటు అసలు హైహ్యాట్ కోసం. 46 తెరిచి మోగుతుండగా 42 మూసి కొడితే 46 ఆగాలి, లేకపోతే వాయించేవాడికి మూడు కాళ్లున్నట్టు వినిపిస్తుంది. డప్పులో మాత్రం సిర్ర మోత మీదే పుల్ల దెబ్బ పడాలి. ఒకదాన్నొకటి కోసుకోవడంతో డప్పుకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఆ ఎక్కిళ్లు ఎక్కడివో కనిపెట్టడానికి కవికి ఆ సాయంత్రమంతా పట్టింది. కిక్కునూ స్నేరునూ బాగుచేసింది అప్పుడే, ఆ పెళ్లి పందిట్లోనే.

సేవు = దాచుట. సేవ అని సవరించి, సరస్వతీ సేవ మరిచినందువల్ల చెడ్డాడని భక్తిపరమైన అర్థం తీసినవారున్నారు. విందు సందర్భం కనుక కారప్పూస అన్నవారూ ఉన్నారు. రెండూ గ్రాహ్యం కావు. దిద్దిన కిట్ తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది. యూజర్ బ్యాంకులోకి రాసే వరకు అది నీటిమీది రాత. కవి పాటను పెన్‌డ్రైవ్‌లో దాచాడు. పాటతోపాటు కిట్టూ వెళ్లిందనుకున్నాడు. పాట దాచుకొనేది కిట్ నంబరును మాత్రమే, కిట్‌ను కాదు.

చెడితి నేను = నేను చెడిపోయితిని. ‘చెడియె పెళ్లి’ అని పాఠాంతరం. గణాలు సరిపోతాయి గానీ వాస్తవం సరిపోదు, పెళ్లికేమీ కాలేదు.

తాత్పర్యం: కిక్కు గిన్నెలైంది, స్నేరు సూదైంది, ఒక్కొక్క మీటనూ కూర్చుని శ్రుతి చేశాను, కరెంటు పోతే అంతా పోయింది.

విశేషం: జనరేటర్ అందుకొన్నాక యంత్రం మళ్లీ లేచింది. పాట ఉంది, నంబరు ఉంది, ఆ నంబరులో ఫ్యాక్టరీ కిట్ ఉంది. డప్పు రావలసిన చోట టామ్ “ధుమ్ ధుమ్” అంటోంది. కవి తల దించుకొని వాయించాడు. పాట కాగానే పెళ్లికూతురి మేనమామ స్టేజీ ఎక్కి భుజం తట్టి, “ఏం డప్పు కొట్టినవ్ తమ్మీ, అదిరింది!” అన్నాడు.

కవి పక్కకు చూశాడు. గేటు బయట ఊరేగింపు కోసం పిలిపించిన డప్పులవాళ్లు నలుగురున్నారు. పాట విని ఊరుకోలేక అక్కడి నుంచే అందుకొన్నారట. ఇప్పుడు మళ్లీ గడ్డి మంట వేసుకొని, మంచుకు మెత్తబడ్డ తోలును సెగకు చూపిస్తున్నారు. ఒకడు వేలితో తట్టి చూసి, ఇంకా కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, డప్పును మళ్లీ మంట వైపు తిప్పాడు.