క్షయ గంట, అధిక గంట

"ఆ రాత్రి రెండూ ముప్ఫై అయిదు ఉండదండీ" అన్నాను ఫోన్లో.

అవతల కోనసీమలో మా సిద్ధాంతిగారు కాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. పోలేదు. ఆయన నా మతి గురించి ఆలోచిస్తున్నారు.

"ఉండకపోవడం ఏమిటి నాయనా?"

"ఒకటీ యాభై తొమ్మిది అయ్యాక తిన్నగా మూడు అయిపోతుందండి. మధ్యలో గంట ఎత్తేస్తారు."

"ఎవరు?"

"గవర్నమెంటు వాళ్లు."

న్యూజెర్సీలో కొన్న ఇంటికి గృహప్రవేశ ముహూర్తం అడిగితే, ఆయన రెండు రోజులు కూచుని లెక్క కట్టి మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2:35కి, ధనుర్లగ్నంలో పెట్టారు. ఆదివారం గృహప్రవేశమేమిటని మా ఆవిడ సందేహపడితే, ఇంకా సూర్యోదయం కాలేదు కాబట్టి పంచాంగం ప్రకారం అది శనివారమేనమ్మా, స్థిరవారం, దివ్యంగా ఉంటుంది అన్నారు. అంతా బాగానే ఉంది. కానీ ఏడాదిలో ఉన్న 8,760 గంటల్లో ఈ దేశపు గడియారంలో కనపడకుండా పోయేది ఒకే ఒక్కటి. మా పాలు పొంగాల్సింది సరిగ్గా అందులోనే.

మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారాన్ని మూడుకి తోస్తారు. నవంబరు మొదటి ఆదివారం రెండింటికి మళ్లీ ఒంటిగంటకి లాగుతారు. దీని పేరు డేలైట్ సేవింగ్. ఆ సేవింగ్స్ ఏ బ్యాంకులో వేస్తున్నారో ఇరవై ఏళ్లుగా నాకైతే తెలియలేదు.

ఇదంతా వివరించేసరికి సిద్ధాంతిగారి గొంతులో హుషారు పుట్టుకొచ్చింది.

"ఓహో, క్షయ గంట! అలా చెప్పు మరి. తిథి క్షయమైతే మనం సర్దుకోవట్లేదూ! అయితే పోయింది మళ్లీ రావాలే. అధికం ఎప్పుడు?"

"నవంబర్లోనండి. ఒంటిగంట నుంచి రెండు దాకా రెండుసార్లు వస్తుంది."

"ఆ గంటలో శుభకార్యాలేవీ పెట్టుకోకండి. అధికమాసానికి ఏం నియమమో దీనికీ అదే."

ఈ వ్యవహారాన్ని ఒక్క నిమిషంలో అర్థం చేసుకుని, దానికో నియమం కూడా పెట్టేసిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

కాకపోతే మన అధికమాసానికి కారణముంది. చాంద్రమానం ఏడాది సౌరమానం కంటే సుమారు పదకొండు రోజులు పొట్టి. ఆ బాకీ పేరుకుపోయి రెండున్నరేళ్లు దాటాక ఓ నెల కలిపి తీరుస్తాం. మరి ఈ గంటకి కారణమేమిటని తవ్వితే నాకు పురుగులు దొరికాయి. న్యూజిలాండ్‌లో జార్జ్ హడ్సన్ అని ఒకాయన. పోస్టాఫీసులో ఉద్యోగం, పురుగులు సేకరించడం వ్యసనం. డ్యూటీ దిగాక వాటిని పట్టుకోవడానికి వెలుతురు ఉంటే బాగుండుననుకున్నాడు. 1895లో ఏకంగా గడియారాలే రెండు గంటలు ముందుకి జరపాలని ప్రతిపాదించాడు. తరవాత ఇంగ్లండులో విలియం విల్లెట్ అని ఇళ్లు కట్టించే ఆయన. పొద్దున్నే గుర్రం మీద వెళ్తుంటే ఊరంతా కిటికీలు మూసుకుని నిద్రపోతోందని ఈయన బాధ. 1907లో సొంత డబ్బుతో కరపత్రం అచ్చేశాడు: ఏప్రిల్లో నాలుగు ఆదివారాలు, వారానికి ఇరవై నిమిషాల చొప్పున, మొత్తం 80 నిమిషాలు ముందుకి. వాయిదాల పద్ధతి అన్నమాట. పార్లమెంటు ఒప్పుకోలేదు. పాపం 1915లో పోయాడు. మరుసటి ఏడు జర్మనీ యుద్ధంలో బొగ్గు మిగల్చడానికి గడియారం తిప్పింది. మూడు వారాలు తిరక్కుండా బ్రిటనూ తిప్పేసింది. సొంత మనిషి చెప్తే ఎక్కనిది పక్కింటివాడు చేస్తే ఎక్కింది.

మనమూ దీన్నుంచి తప్పించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 1945 దాకా, మన దేశంలోనూ గంట ముందుకి జరిపారు. యుద్ధం అయిపోగానే వదిలేశారు. మన దేశంలో ప్రభుత్వం తొందరగా తేల్చిన అతి కొద్ది పనుల్లో ఇదొకటి.

ఇదంతా రైతుల కోసం పెట్టారని ఇక్కడ చాలామంది గట్టిగా నమ్ముతారు. నిజానికి అడ్డం తిరిగిందే రైతులు. 1918లో అమెరికా దీన్ని మొదలుపెడితే, ఏడాది తిరిగేసరికి అధ్యక్షుడు విల్సన్ వీటోని కూడా తోసిరాజని కాంగ్రెస్ రద్దు చేసింది. అమ్మకి ఈ సంగతి చెప్తే, "మరి గేదెకి ఎవరు చెప్తారురా? అది ఏ వేళకి చేపాలో ఆ వేళకే చేపుతుంది" అంది.

గేదె సంగతేమో గానీ మా మైక్రోవేవ్‌కి చెప్పలేక చస్తున్నాను. ఫోన్లు వాటంతట అవే మారిపోతాయి. మైక్రోవేవ్‌లో ఏ మీట ఎంతసేపు నొక్కిపట్టాలో ఏడాదికి రెండుసార్లే అవసరం, రెండుసార్లూ గుర్తుండదు. పోయిన మార్చిలో నేను నొక్కిన నొక్కుడికి టైము మారలేదు గానీ ఖాళీ మైక్రోవేవ్ పాప్‌కార్న్ వేయించడం మొదలుపెట్టింది. కారు గడియారం జోలికైతే అసలు పోను. అది ఏడాది పొడుగునా చలికాలంలోనే ఉంటుంది, నాలుగు నెలలు రైటు. అవును, నాలుగే. స్టాండర్డ్ టైమ్ అని గొప్పగా పేరు పెట్టుకున్నది ఏడాదిలో నాలుగు నెలలే ఉంటుంది. మిగతా ఎనిమిది నెలలూ ఇంట్లో ఉండేది అద్దెకొచ్చినవాడే.

హైదరాబాద్‌లో మా టీము వాళ్లకి ఏ గడియారమూ మార్చుకునే పని లేదు, అయినా అవస్థంతా వాళ్లదే. ఇక్కడ పొద్దున్న తొమ్మిదింటి మీటింగు వాళ్లకి వేసవిలో సాయంత్రం ఆరున్నర, నవంబరు రాగానే ఏడున్నర. "మీరు గంటసేపు ఎక్కువ పడుకున్నారని మా క్యాబ్ గంట లేటండీ" అంటాడు ఒక కుర్రాడు. మధ్యాహ్నం లంచ్‌లో అమ్మకి ఫోన్ చేస్తే వేసవిలో నిద్రకి ముందు దొరుకుతుంది. చలికాలంలో నిద్రలోంచి లేచి, ఎవరికి ఏమైందోనని హడిలిపోతుంది.

మరి ఆపెయ్యొచ్చుగా? అందరూ అదే అంటారు. 2022 మార్చిలో సెనేట్, దేనికీ ఒప్పుకోని సెనేట్, ఒక్కరూ అడ్డు చెప్పకుండా వేసవి టైమునే శాశ్వతం చేద్దామని బిల్లు పాస్ చేసింది. హౌస్‌లో అది ఓటింగు దాకా కూడా రాలేదు. ఎందుకు రాలేదో మా ఇంటికి వస్తే తెలుస్తుంది. మా ఆవిడకి వేసవి టైము కావాలి. ఆఫీసు నుంచి వచ్చాక బీరపాదుకి నీళ్లు పొయ్యడానికి వెలుతురుండాలి, డిసెంబర్లో నాలుగున్నరకే దీపాలు పెట్టుకోవడం తనవల్ల కాదు. నాకు చలికాలం టైము కావాలి. ఆవిడ మాట వింటే జనవరిలో ఇక్కడ సూర్యుడు ఎనిమిదింబావుకి గానీ లేవడు, పిల్ల చీకట్లో బస్సు ఎక్కాలి. ఈ ముచ్చట 1974లో తీర్చుకున్నారు కూడా. చమురు కరువొచ్చిందని జనవరి నుంచే వేసవి టైము పెట్టారు. చీకట్లో బడికెళ్తున్న పిల్లల్ని చూసి తల్లిదండ్రులు గగ్గోలు పెడితే అక్టోబరుకల్లా వెనక్కి తీసుకున్నారు. పిల్లనడిగితే ఎప్పుడూ నవంబరే కావాలంది. ఈ కుర్చీలాట ఆపాలని అందరికీ ఉంది, కానీ తను కూర్చున్నప్పుడే పాట ఆగాలి. నా ఓటు మాత్రం చలికాలానికే. మధ్యాహ్నానికి సూర్యుడు కాస్త నడినెత్తి దగ్గరికి వస్తాడు. పైగా కారు గడియారం ముట్టుకోనక్కర్లేదు.

ముహూర్తం సంగతి చివరికి సిద్ధాంతిగారే తేల్చారు. "మీ గంటల గోల నాకొద్దు నాయనా. మన టైము మధ్యాహ్నం ఒంటిగంటా అయిదు. దాన్ని మీ గవర్నమెంటు ఎత్తెయ్యలేదు కదా!"

కాబట్టి ఆ రాత్రి పాలు న్యూజెర్సీలో, గడియారం కోనసీమలో. ఖాళీ ఇల్లు. పొయ్యి మీదున్న గడియారం, ఎవరూ టైము పెట్టక, 12:00 అని ఆరుతూ వెలుగుతోంది. పిల్ల మెట్ల మీద గోడకి చేరబడి నిద్రపోతోంది. వంటింటి కిటికీలో నిలబెట్టిన ఫోన్లో అమ్మ, అమ్మ వెనక గోడ గడియారం. అమ్మ మెడ తిప్పి చూస్తూ "ఉండు... ఉండు... ఇప్పుడు పెంచు మంట" అంటోంది. కొత్త ఇత్తడి గిన్నెలో పాలు సరిగ్గా తూర్పు వైపు పొంగాయి. మా ఆవిడ కళ్లకద్దుకుంది. నేను ఫోన్లో టైము చూశాను. 3:25.

వేళ్ల మీద రెండుసార్లు లెక్కేశాను. 3:35 ఉండాలి.

"అమ్మా, అక్కడ ఒంటిగంటా అయిదేనా?"

"గడియారం కనపడట్లేదురా?"

"సెల్లులో చూసి చెప్పు."

"సెల్లులో నీ మొహం ఉంది, టైమెక్కడ కనిపిస్తుంది?" అని, ఓ క్షణం ఆగి నాలిక్కరుచుకుంది. "అయ్యో, అది పది నిమిషాలు ముందుంటుంది కదరా. బస్సు తప్పిపోకుండా మీ నాన్నగారు పెట్టారు."

నాన్న స్కూలుకి బస్సులో వెళ్లడం మానేసి పాతికేళ్లయింది. ఆయన పోయి ఆరేళ్లు.

"సరిచెయ్యమంటావా?" అంది అమ్మ, గడియారం వైపు చూస్తూ.

"వద్దులే, ఉండనీ" అన్నాను. మా ఆవిడ అప్పటికే ఇంకో గిన్నె కడిగి, క్యాన్లో మిగిలిన పాలు పోస్తోంది.