యాప్ ఉండగా ఆపదేల!

అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో గోడ కనపడదు, కోచింగ్ పోస్టరే కనపడుతుంది. జావా, పైథాన్, ఫుల్ స్టాక్. రేపటి నుంచే కొత్త బ్యాచ్, డెమో ఉచితం. యాప్‌లు కట్టే చేతులు తయారయ్యేది ఇక్కడే. పంజాగుట్ట దాటి బేగంపేట వైపు కదిలితే ప్రజాభవన్. మంగళ, శుక్రవారాల్లో అక్కడ జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి. యాప్‌లు ఉద్ధరించాల్సిన జనం ప్లాస్టిక్ కవర్లో జిరాక్సులు పెట్టుకుని అక్కడ వరస కడతారు.

ఫోన్ చేతికిస్తే చాలు, పేదరికం సిగ్నల్ అందనంత దూరం పారిపోతుందని ప్రపంచ సభల నుంచి మన సచివాలయం దాకా ఒకటే మంత్రం. పూర్వం హామీకి శిలాఫలకం వేసేవారు, ఇప్పుడు లోగో ఆవిష్కరిస్తున్నారు. శిలాఫలకం నయం, అప్‌డేట్ అడగదు.

2020 అక్టోబరు 29న భూ రికార్డుల కోసం ధరణి పోర్టల్ వచ్చింది. మీట నొక్కితే భూమి మీదే అన్నారు. నొక్కితే కొందరి భూమి రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో తేలింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేరు మారినా అర్థం నేలే. జూన్‌లో మాత్రం ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి, బల్లలు వేసి, కాగితం మీదే దరఖాస్తులు తీసుకున్నారు. అయిదేళ్ల డిజిటల్ యాత్ర తిరిగి తిరిగి టెంటు కిందికే చేరింది.

ఉపాధి హామీలో 2023 జనవరి 1 నుంచి హాజరు యాప్‌లోనే అన్నారు. రోజుకు రెండు ఫొటోలు. పార పట్టిన చేతికి విలువ లేదు, ఫొటోలో పడ్డ ముఖానికే కూలి. ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే మొత్తుకుంది. దొంగను పట్టే యాప్ దొంగకు ఆల్బమ్ అయింది. సర్వర్ మొరాయించిన రోజు నష్టపోయింది నిజంగా మట్టి తవ్విన మనిషి.

అయితే ఫోన్ దండగా? 108 అంబులెన్స్‌ని అడగండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది. బటన్ ఫోన్ చాలు, ఓటీపీ అక్కర్లేదు. ఎక్కడున్నారని తెలుగులో అడిగే గొంతు, ఆ వెనకే బండి. కెన్యాలో 2007లో వచ్చిన, ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసాదీ అదే దారి. మామూలు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, వీధి చివరి కొట్టువాడు నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు. ఫోన్ అవతల బండి ఉంది, డబ్బు ఉంది, మనిషి ఉన్నాడు. ఆ మూడూ ఖర్చుతో కూడినవి, యాప్ చవక. అందుకే యాప్ ముందొస్తుంది, అవి ఎప్పటికీ దారిలోనే ఉంటాయి.

అమీర్‌పేట తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఒక్క మంగళవారం ప్రజావాణి వరసలో నిలబడి రండి. ఆ డెమో కూడా ఉచితమే.