గంతు వద్దు, డబ్బా ముద్దు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఒక బోర్డుంది. 'పిల్లలు ఇక్కడ ఆడరాదు' అని పైన, 'అసోసియేషన్ ఆదేశానుసారం' అని కింద. కార్లకు గీతలు పడతాయి కాబట్టి సెల్లార్ వద్దు. నీళ్ళ ట్యాంకులున్నాయి కాబట్టి మేడకు తాళం. పోనీ ఇంట్లోనే దూకుదామా అంటే మూడో గంతు పడకముందే ఇంటర్‌కమ్ మోగుతుంది. "మీవాడు ఏం చేస్తున్నాడండీ, మా ఫ్యాన్ ఊగుతోంది!" అని కింద ఫ్లాట్ అంకుల్. సోఫా మీద నుంచి దూకుతున్నాడండీ. తొమ్మిదేళ్ళవాడు సాయంత్రం ఆరింటికి మరేం చేస్తాడు, విష్ణు సహస్రనామం చదువుకుంటాడా?

ఈ నిషేధాజ్ఞలన్నీ తు.చ. తప్పకుండా అమలుచేసిన అమ్మానాన్నలే ఆదివారం సూపర్‌మార్కెట్లో మాల్ట్ పొడి డబ్బాల ముందు నిలబడతారు. కళ్ళజోడు సవరించుకుని, డబ్బా తిప్పి, కాల్షియం ఎంతుందో చదువుతారు. ఎంసెట్ కీ పేపర్ కూడా అంత శ్రద్ధగా చూసి ఉండరు. ఎందుకండీ ఇంత ఖర్చు అంటే, "పిల్లాడి ఎముకలు గట్టిపడాలి కదా!" అంటారు. ఎముక గట్టిపడే పనిని అరగంట క్రితమే కేకలేసి ఆపించి వచ్చారన్న సంగతి మాత్రం గుర్తుండదు.

ఆ డబ్బా వైభవం ఎంతటిదంటే, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అంగళ్ళకు లేఖ రాసి, ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్స్' వరసలోంచి తీసేయమని చెప్పింది. మన ఆహార భద్రతా చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనేదానికి నిర్వచనమే లేదని తేలింది మరి. నిర్వచనం లేనిదాన్ని తరాల తరబడి పాలల్లో కలిపి, మీసాలు వచ్చేలా తాగించాం.

కాల్షియం వద్దని కాదు. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, కాస్త ఎండ ఉండాల్సిందే. అయితే కాల్షియం ఇటుక మాత్రమే. ఇటుకల లోడు దింపించుకుని మేస్త్రీని గేటు బయటే ఆపేస్తే గోడ లేవదు. ఎముక లోపలి కణాలు తమ మీద పడే ఒత్తిడిని పసిగడతాయి. ఒత్తిడి పడినచోట కొత్త ఎముక పేరుస్తాయి, పడనిచోట ఉన్నదాన్ని కరిగిస్తాయి. జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే ఈ సూత్రాన్ని పుస్తకంగా రాశాడు. అంతరిక్షంలో బరువు తెలియకుండా తేలే వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు ఒక శాతానికి పైగా ఎముక తగ్గిపోతుంది. అందుకే వాళ్ళు రోజూ గంటల తరబడి కసరత్తు చేస్తారు. మన పిల్లలు అంత దూరం పోనక్కర్లేదు. స్కూలు వ్యాను, లిఫ్టు, బీన్ బ్యాగు, ట్యాబు చాలు.

అమెరికాలోని ఒరెగాన్‌లో పరిశోధకులు 89 మంది చిన్నపిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టు రెండడుగుల ఎత్తు పెట్టెల మీద నుంచి వారానికి మూడు రోజులు, రోజుకు వంద దూకుళ్ళు దూకింది. రెండో జట్టు ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు చేసింది. ఏడు నెలలయ్యేసరికి దూకిన జట్టుకు తొడ ఎముక మెడ దగ్గర 4.5 శాతం, నడుము వెన్నులో 3.1 శాతం ఎముక ఖనిజం ఎక్కువగా చేరింది. 2001లో అచ్చయిన ఫలితాలివి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా బడుల్లో ఇంకా తేలిక చేశారు. గంట మోగినప్పుడు పది గంతులు, రోజుకు మూడుసార్లు. అంతే. పెట్టె లేదు, ఫీజు లేదు, యూనిఫాం లేదు.

"మోకాళ్ళు అరిగిపోవూ?" అంటారు. అరిగేవి అరవై దాటిన నాన్నమ్మ మోకాళ్ళు. ఎనిమిదేళ్ళవాడివి వాడకంతో గట్టిపడే వయసులో ఉన్నాయి. "మావాణ్ణి ఈతకు పంపుతున్నాం, పొడుగవుతాడని" అంటారు. ఈత గుండెకు మంచిది, నీటిలో పడితే ప్రాణం కాపాడుతుంది. కానీ అక్కడ ఒంటి బరువు నీళ్ళే మోస్తాయి, ఎముక మీద అంత ఒత్తిడి పడదు. పొడుగు మాటకొస్తే, అది గంతులతోనూ రాదు, డబ్బాతోనూ రాదు. అన్నిటికన్నా ఘనమైనది: "ఆడపిల్లవి, ఆ గంతులేమిటే?" నెలసరి ఆగిపోయాక ఎముకలు గుల్లబారే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఆడవాళ్ళకే. అంటే ఎముక నిల్వ ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళ తొక్కుడుబిళ్ళనే మొదట లాగేసుకున్నాం.

ఇక బడి. విద్యాహక్కు చట్టం 2009 అనుబంధంలో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. మన టెక్నో స్కూళ్ళకు బ్యాంకు మీద రెండంతస్తులు, పక్కనే బిర్యానీ హోటలు ఉంటాయి. ఆటస్థలం బ్రోషర్లో ఉంటుంది. పీఈటీ సారు చేతిలో విజిల్ బదులు స్లిప్ టెస్టు పేపర్ల కట్ట ఉంటుంది. పెద్దయ్యాక ఉండే ఎముకలో దాదాపు పాతిక శాతం, ఎదుగుదల ఉరవడి మీదున్న రెండేళ్ళలోనే చేరుతుంది. ఆడపిల్లలకు పన్నెండున్నర, మగపిల్లలకు పద్నాలుగు అటూ ఇటూ. మన లెక్కలో అది ఏడు నుంచి తొమ్మిది తరగతులు, అంటే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పీటీ పీరియడ్‌ను లెక్కలకు అప్పగించే వయసు. ముహూర్తం చూసి మరీ తప్పు చేయడం మనకే చెల్లింది.

నాకు తెలిసి గంతుకున్న లోపం ఒక్కటే, దానికి ఎం.ఆర్.పి. లేదు. ఉచితంగా వచ్చేదాన్ని మనం నమ్మం. కాబట్టి దేశహితం కోరి చెబుతున్నా, 'ఇంటిగ్రేటెడ్ జంపింగ్ ఫౌండేషన్' పెట్టండి. ఏడాదికి లక్ష, మ్యాటు ఛార్జీలు అదనం. శనివారం గ్రాండ్ టెస్టు. ఎవరి తొడ ఎముక ఎంత బరువెక్కిందో ఫ్లెక్సీల మీద ఫొటోలతో ర్యాంకులు. రసీదు చేతిలో పడిన రోజునుంచి, "గంతులేయకురా" అన్న నోళ్ళే "ఇవాళ్టి వందా పూర్తయ్యాయా?" అని వెంటపడతాయి.