జర మార్చినం: ఒక వేదికావాక్యానికి టీకాతాత్పర్యాలు

అవతారిక

సొంతంగా పాట రాసి, సొంత డబ్బుతో రికార్డు చేసి, ఆల్బమ్‌గా వదిలి, ఆ పాటల్నే వెంటబెట్టుకొని ఊరూరూ తిరిగే గాయకుడిని ఇండిపెండెంట్ ఆర్టిస్ట్ అంటారు. సినిమా నిర్మాతకూ ఆడియో కంపెనీకీ బద్ధుడు కాడని దాని అర్థం. గిటారు మీద కట్టే ఈఎంఐకి బద్ధుడై ఉండవచ్చు. ఆ సంగతి బిరుదులో చెప్పబడలేదు. ఇతడు వేదికెక్కి, తీగలు సవరించుకొని, పాటకు ముందు చెప్పే మూడు వాక్యాలు దాదాపు ప్రతిచోటా ఒకే తీరుగా ఉంటాయి. పురాతనమైనవి కాకపోవడం వల్ల వాటికి ఇంతవరకు టీక లేదు.

మూలం

"మానిటర్ల వాయిస్ జర పెంచన్నా. ఈ పాట రికార్డుల ఉన్నట్టు పాడం, జర మార్చినం. పల్లవి మీరే అందుకోవాలె."

పాఠనిర్ణయం

పైన ఇచ్చింది పాలమూరు సీమలోని జడ్చర్లలో వినిపించే పాఠం. హైదరాబాద్ పబ్బుల్లో "వోకల్స్ కొంచెం పెంచు బ్రో" అనే పాఠమూ, అమెరికా తెలుగు సంఘాల సభల్లో ముప్పాతిక ఇంగ్లీషైన పాఠమూ వాడుకలో ఉన్నాయి. వాటిని వదిలి జడ్చర్ల పాఠాన్ని గ్రహించడానికి భూగోళమే కారణం. 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్‌కూ బెంగళూరుకూ నడుమ తిరిగే బ్యాండు వ్యాను ఏదైనా జడ్చర్లను దాటక తప్పదు. దాటడమే ఎక్కువ, దిగడం తక్కువ. దిగితే ఛాయ్‌కి, లేదా ఏ కాలేజీ ఫెస్టుకో. బాదేపల్లి మార్కెట్టుకు పల్లికాయ, పత్తి బస్తాలు వచ్చినంత క్రమంగా ఈ ఊరికి బ్యాండ్లు రావు. అయినా పాటను వేదిక మీద మార్చే విద్యలో ఈ సీమ హైదరాబాద్ కంటే పెద్దది. అది రెండో వాక్యం దగ్గర తేలుతుంది.

మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ రెండు నియమాలు పెట్టుకున్నాడు. ఈ టీక మొదటి నియమాన్ని పాటిస్తుంది.

మొదటి వాక్యం

ప్రతిపదార్థం: మానిటర్ల = వేదికమీద గాయకునివైపు ముఖముపెట్టి యుండు డబ్బాయందు; వాయిస్ = నా గొంతును; జర = కొంచెము (లక్షణచేత మిక్కిలి యని గ్రహించునది); పెంచు = అధికము చేయుము; అన్నా = ఓ సౌండువాడా!

తాత్పర్యం: జనం వినే పెద్ద స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి. వాటి వెనక నిలబడి పాడేవాడికి తన గొంతు ఎదుటి గోడను తాకి, ఆలస్యంగా, ఇంకెవరిదో అన్నట్టు వస్తుంది. దాన్ని నమ్ముకొని పాడితే శ్రుతి జారుతుంది, తాళం వెనకబడుతుంది. అందుకని అతని కాళ్ళ దగ్గర మరో స్పీకరు పెట్టారు; అదే మానిటరు. దాన్ని పెంచుకుంటూ పోతే దాని శబ్దం మళ్ళీ మైకులో దూరి, మైకు నుంచి మళ్ళీ మానిటర్లోకి వచ్చి, చెవులు చిల్లులు పడే కూత మొదలవుతుంది. కనుక అనుభవమున్న సౌండువాడు చాలాసార్లు ఏదీ పెంచడు. బోర్డు మీద ఒక మీటను వేలితో తాకి, తలూపుతాడు. గాయకుడు "ఆ, ఇప్పుడు సరిపోయింది" అంటాడు. కర్ణాటక సంగీతంలో మనోధర్మం గాయకుడిది; ఇక్కడ సౌండువాడిది.

ఈ వాక్యం మంగళాచరణ స్థానంలో ఉంది. గణపతికి బదులు సౌండువాడిని ప్రార్థించడంలో ఔచిత్యభంగం లేదు. ఆ సాయంత్రం విఘ్నాలన్నీ అతని చేతిలోనే ఉంటాయి.

రెండవ వాక్యం

ప్రతిపదార్థం: ఈ పాట = పాడబోవు గేయమును; రికార్డుల = ఆల్బమునందు; ఉన్నట్టు = ఉన్న విధమున; పాడం = పాడము (పాడజాలమని ధ్వని); జర = మునుపటివలెనే మిక్కిలి; మార్చినం = మార్చితిమి.

"పాడం" అన్నది సంకల్పమా, అశక్తతా అనే సందేహానికి రెండూ అని సమాధానం. స్టూడియోలో ఒకే గాయకుడు నాలుగు వరుసలు విడివిడిగా పాడి, ఒకదానిపై ఒకటి పేర్చి, తనకు తానే వంత అవుతాడు. వేదిక మీద అతనికి ఒకటే గొంతు. మిగిలిన మూడు వరుసల్లో ఒకటి గిటారిస్టుకు అప్పగిస్తారు; రెండు పోతాయి. కొందరు ఆ పోయినవాటిని ల్యాప్‌టాప్‌లో పెట్టుకొని వెనక నుంచి వినిపిస్తారు. అప్పుడు డ్రమ్స్ వాయించేవాడి చెవిలో టిక్కుటిక్కుమంటూ ఒక గడియారం కొట్టుకోవాలి, అందరూ దానికి లోబడాలి. జనానికి చరణం నచ్చి మళ్ళీ అడిగినా ల్యాప్‌టాప్ ఆగదు. జడ్చర్లలో మళ్ళీ అడుగుతారు కాబట్టి ఈ ఉపాయం ఇక్కడ అంతగా పనికిరాదు.

శ్రుతి మాటకొస్తే, రికార్డులో విన్న పై స్థాయి స్వరం చాలా ప్రయత్నాల్లో కుదిరిన ఒకటి. నిన్న బెంగళూరులో పాడి, రాత్రంతా వ్యానులో కూర్చొని, రెండు గంటల కచేరీకి నిలబడ్డవాడు ఆ స్వరాన్ని రోజూ అందుకోలేడు. అందువల్ల పాటను అర మెట్టో, ఒక మెట్టో దించుతారు. దించితే గొంతు నిలుస్తుంది, పాటలో మెరుపు కొంత తగ్గుతుంది. దాన్ని పూడ్చడానికి నడక పెంచుతారు. నడక పెరిగితే పదాల్ని మింగవలసి వస్తుంది. ఒక మార్పు మరో మార్పును పిలుచుకొస్తుంది గనుకనే "జర"కు మిక్కిలి అని అర్థం చెప్పవలసి వచ్చింది.

ఎత్తుగడ మార్పుకు కారణం గొంతు కాదు, వ్యాపారం. స్పాటిఫై 30 సెకన్లు విన్న తర్వాతే ఒక పాటను విన్నట్టు లెక్కవేస్తుంది. కాబట్టి ఆల్బమ్‌లో ఎత్తుగడ పొట్టిగా ఉంటుంది, పల్లవి పరుగున వస్తుంది. వేదిక ముందు కూర్చున్నవాడు పాటను దాటవేయలేడు. వేయాలంటే కుర్చీ వదులుకోవాలి. ఆ ధీమాతో గాయకుడు నిమిషం సేపు ఆలాపన చేస్తాడు, తబలా వాయించేవాడి పేరూ ఊరూ చెబుతాడు.

ముగింపు సంగతి వేరు. ఎన్నో రికార్డు పాటలు ముగియవు: పల్లవి తిరుగుతుండగానే శబ్దం సన్నగిల్లి మాయమవుతుంది. వేదిక మీద మనుషులు అలా మాయం కాలేరు. ముక్తాయింపు ఒకటి కట్టుకొని, నలుగురూ ఒకేచోట ఆగాలి. ముక్తాయింపు కట్టుకోని బ్యాండులో ఒకడు ఆగాక మరొకడు ఇంకో నాలుగు దెబ్బలు వేసి, తలదించుకుంటాడు. కొత్త బ్యాండును పోల్చుకోవలసింది ఇక్కడే.

వాద్యాలు మారడమూ ఉంది. రికార్డులో కంప్యూటరు వేసిన దరువును ఈ ప్రాంతంలో డప్పుకు ఇస్తే పాటకు ప్రాణం లేచివస్తుంది. డప్పు తోలు మంట సెగకు కాగితేనే మోగుతుంది. చలికాలపు మంచులో మళ్ళీ వదులవుతుంది. కాబట్టి వేదిక పక్కన నెగడు ఉండాలి, పాటల వరుసలో డప్పు పాటలు సెగ ఆరకముందే రావాలి. కాగిన డప్పు ముందు గిటారు వినబడదు. అందుకు గిటారును పెంచడం కంటే, డప్పు ఆగిన చోట మాత్రమే దాన్ని మోగించడం మేలు. చౌరస్తా బ్యాండ్ తెలుగు జానపద ఫణితికి రెగె లయను జతచేసింది. రెగెలో గిటారు దెబ్బకూ దెబ్బకూ నడుమ పడుతుంది. జనం చప్పట్లు మాత్రం దెబ్బ మీదే పడతాయి. ఆ రెండూ కలిస్తే రికార్డులో లేని ఒక వాద్యం వేదికకు ఉచితంగా దొరికినట్టే.

పూర్వపక్షం: "రికార్డు విని, అది నచ్చి, దాని కోసం వచ్చాం. అదే పాడాలి. మారిస్తే అది వేరే పాట."

ఈ వాదం బలమైనదే. పాటను గుర్తుపట్టిన క్షణంలో కలిగే సంతోషం చిన్నది కాదు. అయితే రికార్డే మూలమనీ, వేదిక దానికి నకలనీ ఈ వాదం ముందే ఒప్పేసుకుంటుంది. పాలమూరు దీన్ని ఒప్పుకోదు. ఈ సీమలోనే నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ పాడతాడు. దక్కలి వారి కులవిద్య అది. ఎండిన సొరబుర్రలు కట్టిన ఆ వాద్యం తండ్రుల నుంచి వచ్చింది. ఆ కథకు ఇంత నిడివి అని లేదు. వినేవాళ్ళు కూర్చున్నంతసేపు సాగుతుంది, లేస్తే ఆగుతుంది. అదే మొగిలయ్య గొంతు 2021 సెప్టెంబరులో వచ్చిన భీమ్లా నాయక్ టైటిల్ పాటకు మొదట్లో కొద్ది పంక్తులుగా వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. సినిమాలో ఆయనను విన్నవారు కోట్లలో ఉంటే, కిన్నెర కథను మొదటినుంచి చివరిదాకా విన్నవారు ఒక బస్సుకు సరిపోతారేమో. ఆ కొద్ది పంక్తుల్ని చూపి, కథ మొత్తం ఇలాగే ఉండాలని ఎవరైనా అంటే, సూచిక చూసి గ్రంథాన్ని కత్తిరించమన్నట్టు.

రికార్డు మొదటినుంచీ కుదింపే. 20వ శతాబ్దం తొలినాళ్ళ పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పట్టేది. గంటసేపు రాగం తీయగల విద్వాంసులు ఆ మూడు నిమిషాలకు సరిపెట్టుకొని పాడారు. విన్నవాళ్ళు పాట అంటే అంతేననుకున్నారు. అన్నమాచార్యుల రాగిరేకులది దీనికి ఎదురు దృష్టాంతం. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలమురళీకృష్ణ వంటివారు ఎవరి వరుస వారు కట్టారు. రికార్డులో ఉన్నట్టే పాడమని అడగడానికి అక్కడ రికార్డే లేదు. కీర్తనలకు వచ్చిన నష్టమూ లేదు.

సిద్ధాంతం: వేదిక మీది పాటే గ్రంథం, రికార్డు దాని సంగ్రహం. ఇండిపెండెంట్ గాయకుడి విషయంలో వరుస తిరగబడి, సంగ్రహం ముందు అచ్చయి, గ్రంథం తర్వాత ఊరూరా తయారవుతోంది. పాఠకులు తికమకపడటానికి అంతకుమించి కారణం లేదు.

ఎంత మార్చవచ్చుననే దానికి పై దేశపు ఉదాహరణ ఒకటి చాలు. ఎరిక్ క్లాప్టన్ 1970 నాటి లైలా పాట కేకవేసే ఎలక్ట్రిక్ గిటారుతో మొదలవుతుంది. 1992లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్‌లో ఆయన ఆ గిటారు కేకనే తీసేసి, నడక తగ్గించి, మామూలు గిటారు పట్టుకొని కూర్చొని పాడాడు. ఆ కొత్త పాఠానికి గ్రామీ అవార్డు దక్కింది. పదాలూ, పల్లవి పిలుపూ ఉన్నాయి, తక్కినదంతా పోయింది. బాబ్ డిలన్ ఇంకా ముందుకుపోయి, పాట ఏదో తెలియడానికి జనం పదాలను పట్టుకొని వెతుక్కునేటంతగా వరుసలు మారుస్తాడు. డిలన్ మార్గం మహాకవులకు సరే. తొలి ఆల్బమ్ గాయకుడికి క్లాప్టన్ మార్గం క్షేమం.

మార్చినం అన్న క్రియకు కర్త ఎవరన్నది కూడా విచారించాలి. సొంత పాట అయితే రాసినవాడూ, కట్టినవాడూ, మార్చేవాడూ ఒకడే, అనుమతి అడగనక్కరలేదు. సినిమా పాటకు ఈ సౌలభ్యం లేదు. 2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి, తన పాటలు అనుమతి లేకుండా వేదిక మీద పాడవద్దని ఇళయరాజా పక్షం నుంచి లాయరు నోటీసు వెళ్ళింది. ఆ పాటలు పాడబోమని బాలు ప్రకటించి పర్యటన సాగించాడు. అంత గొంతుకే ఉన్నది ఉన్నట్టు పాడటానికి అడ్డు వచ్చినప్పుడు, మార్చి పాడటం సంగతి చెప్పనక్కరలేదు. ఇండిపెండెంట్ గాయకుడి పేదరికంలో దాగిన ఆస్తి ఇది ఒక్కటే.

మూడవ వాక్యం

ప్రతిపదార్థం: పల్లవి = పాట మొదటి భాగమును; మీరే = ఎదుట నున్నవారే; అందుకోవాలె = ఎత్తుకొని పాడవలెను.

స్టూడియోలో వదిలివచ్చిన ఆ రెండు గొంతు వరుసల బాకీ ఇక్కడ తీరుతుంది. బుర్రకథలో కథకుడికి ఇటొకరు అటొకరు వంతలు ఉంటారు. బతుకమ్మ చుట్టూ ఒకరు చెప్పగా అందరూ ఉయ్యాలో అని అందుకుంటారు. తెలంగాణ ఉద్యమ కాలపు ధూంధాం వేదికలు లక్షలమందిని వంతలుగా మార్చాయి. తెల్కపల్లి మండలం గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న పాడేటప్పుడు కాళ్ళూ గజ్జెలూ వాద్యాలు, జనం కోరస్. ఇలాంటి శిక్షణ పొందిన శ్రోతలకు పల్లవి అందుకోవడం ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక్కసారి ఖాళీ ఇచ్చి చూస్తే చాలు. వీరికి దారిఖర్చులు, భోజనాలు పెట్టే పని లేకపోవడం అదనపు లాభం.

దీనివల్ల రెండవ వాక్యానికి ఒక హద్దు ఏర్పడుతుంది. జనం అందుకోవలసిన పల్లవి వరుసను మార్చకూడదు. ఎత్తుగడ, చరణాలు, నడక, శ్రుతి, వాద్యాలు, ముక్తాయింపు అన్నీ గాయకుడివి. పల్లవి రికార్డులో విన్నవాళ్ళది. పల్లవి కూడా మార్చి జనాన్ని పాడమంటే వాళ్ళు పాత వరుస పాడతారు, వేదిక కొత్త వరుస పాడుతుంది. మానిటరు ఎంత పెంచినా గెలిచేది జనమే.

కాలనియమం

గ్రంథం ఎంత విస్తరించినా దానికి పై హద్దు ఒకటి ఉంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. పండుగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వవచ్చు. అతిథుల ప్రసంగాలు సాగి మైకు తొమ్మిదిన్నరకు చేతికొచ్చిన రోజున గాయకుడు ఆలాపన మానుకొని, రికార్డులో ఉన్న నిడివికే పాడి దిగిపోవాలి.