టాపు లేచిపోయే కబుర్లు

2019లో రోడ్డెక్కిన బెంట్లీ కాంటినెంటల్ జీటీసీకి రెండు గొప్పలున్నాయి. పన్నెండు సిలిండర్లు, 635 అశ్వశక్తి, గంటకు 333 కిలోమీటర్ల వేగం అన్నది ఒకటి. గుడ్డ టాపు మడిచేసి ఆకాశం కింద నలుగురు షికారు చేయొచ్చన్నది రెండోది. రెండూ నిజాలే, కాకపోతే ఒకేసారి నిజం కావు. టాపు 19 సెకన్లలో మడత పడుతుంది, అదీ బండి 50 దాటకుండా ఉంటేనే. తీశాక ముందువాళ్ల జుట్టు చెదరకుండా గాలితెర బిగించాలి. అది పరుచుకునేది వెనక సీట్ల మీద! అంటే గాలి కోసం టాపు తీసి, గాలి తగలకుండా తెర కట్టి, ఆ తెర కోసం ఇద్దరిని దింపేస్తారన్నమాట. మెడకు చలి వేయకుండా సీటులోంచి వేడిగాలి అదనం. పైగా టాపు మూస్తే పాత తరం కూపే (టాపు తీయలేని కారు) అంత నిశ్శబ్దంగా ఉంటుందని మరో బిరుదు. మూసిన కారులా ఉండడమే తెరిచిన కారు ఘనతైతే, మూసిన కారే కొనుక్కోవచ్చు కదా?

ఇంజనీర్లను తప్పుపట్టలేం. కారు పైకప్పు ఎండావానలకు అడ్డం మాత్రమే కాదు, బండి మెలితిరగకుండా పట్టి ఉంచేదీ అదే. దాన్ని కోసేస్తే ఆ బలాన్ని అడుగుభాగంలో పూడ్చాలి, టాపు మడిచే మోటార్లు చేర్చాలి. అందుకే అదే ఇంజిను ఉన్న కూపే 2,244 కిలోలైతే ఇది 2,414. అంత బరువును 3.8 సెకన్లలో 100కి చేర్చడం నిజంగా పనితనమే. పేచీ అంతా ఆ 333తోనే. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. ఈ కారు పుట్టిన బ్రిటన్‌లో మోటార్‌వే పరిమితి సుమారు 112. అక్కడి నుంచి 333కి పోవాలంటే గాలితో కుస్తీకే సుమారు 26 రెట్లు శక్తి కావాలి. గాలి పీల్చుకోవడానికి కొన్న బండిలో గుర్రాలన్నీ గాలితో తగాదాకే!

అంత వేగానికి తగ్గట్టు కట్టిన బండి 100లో మరింత భద్రం కదా అంటారు. బ్రేకుల మట్టుకు ఒప్పుకోవచ్చు. మరి గొప్పలు బ్రేకుల గురించే చెప్పరేం? అందని ద్రాక్ష పుల్లన అని ఇంకొందరు వెక్కిరిస్తారు. కొనే స్తోమత లేనంత మాత్రాన లెక్క తప్పు కాదు. కంపెనీ కూడా చివరికి అదే లెక్కకు వచ్చినట్టుంది. 2024లో 782 అశ్వశక్తి హైబ్రిడ్‌తో కొత్త స్పీడ్ మోడళ్లు తెచ్చి, కూపేను 335 దాకా వదిలి, జీటీసీని మాత్రం 285 దగ్గర ఆపింది. శక్తి పెరిగింది, వేగం 48 తగ్గింది, పేరు మాత్రం స్పీడే.