దండెం పోయింది, డ్రయ్యరు వచ్చింది

ఇంత ఎండ కాసే దేశంలో తడి బట్ట ఆరాలంటే కరెంటు మీటరు తిరగాలా? 1905లోనే వీధుల్లో కరెంటు దీపాలు వెలిగించుకున్న ఊరు మా బెంగళూరు. శివనసముద్రం నుంచి తీగలు లాగి తెచ్చుకున్న ఆ కరెంటుతో దీపాలు వెలిగాయి, ఫ్యాక్టరీలు నడిచాయి. చొక్కా ఆరబెట్టడానికి మాత్రం దాన్ని ఎవరూ వాడలేదు. ఆ అవసరమే ఎవరికీ రాలేదు.

ఇప్పుడు వర్తూరు రోడ్డులో మా అబ్బాయి ఫ్లాట్లో రెండంతస్తుల మెషిను నిలబడి ఉంది. కింద ఉతికేది, పైన ఆరబెట్టేది. వద్దని వాదించినవాణ్ణి నేనే. చివరికి టేపు పట్టుకుని కొలతలు తీసి, దగ్గరుండి పెట్టించినవాణ్ణీ నేనే. కనుక ఈ గొణుగుడు తెలియక గొణిగేది కాదు.

నేను హిందూపురం నుంచి వచ్చి జాలహళ్లి హెచ్ఎంటీ ఫ్యాక్టరీలో చేరింది డెబ్బైల మొదట్లో. మల్లేశ్వరంలో ఒక వఠారంలో కాపురం. వఠారం అంటే ఈ కాలం పిల్లలకు చెప్పాలి. ఒక ప్రహరీ లోపల వరసగా చిన్న చిన్న వాటాలు, అందరికీ కలిపి ఒక కొళాయి, వెనకాల ఒక బట్టలుతికే బండ. గ్రానైటు రాయి, కాస్త వాలుగా పెట్టి ఉండేది. తెల్లవారకముందే నీళ్లొచ్చేవి, అవి హెసరఘట్ట, తిప్పగొండనహళ్లి చెరువుల నీళ్లు. కావేరి 1974లో గానీ ఊళ్లోకి రాలేదు. ఆ బండ దగ్గర ఆడవాళ్లకు వంతులుండేవి. ఎవరి వంతు ఎప్పుడో కాగితం మీద ఎవరూ రాయలేదు, తగాదా వచ్చిన గుర్తూ నాకు లేదు. పట్టుబట్టలకు కుంకుడుకాయ రసం, మామూలు బట్టలకు 501 బారు సబ్బు, తెల్లవాటికి చివర్లో నీలిమందు, ఆ తర్వాత గంజి. అంతా అయ్యాక డాబా మీద దండేలకు ఆరేసేవాళ్లు. జనవరి నుంచి మార్చి దాకా ఈ ఊరి గాలి ఎంత పొడిగా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకు తెలుసు. పది గంటలకు ఆరేసిన పంచె, మధ్యాహ్నం భోజనాల వేళకు మడత పెట్టుకోవచ్చు.

దుప్పట్లు, తెల్ల పంచెలు మల్లేశ్వరం ధోబీ ఘాట్‌కు వెళ్లేవి. మా ధోబీ వారానికొకసారి వచ్చేవాడు. ఆయనొచ్చేసరికి మా ఆవిడ పద్దు పుస్తకం తీసేది. ఇచ్చినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని, అన్నీ అందులోనే. నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన ఆయన పెట్టిన గుర్తు బట్ట చిరిగే దాకా చెరిగేది కాదు. చౌడులో నానబెట్టి ఉబ్బకు వేసి తెచ్చిన దుప్పటి తెలుపు, ఆ తర్వాత ఏ పౌడరుతోనూ నాకు కనబడలేదు. ఈ ఊళ్లో మడివాళ అని పెద్ద పేటే ఉంది, అది రజకుల పేరు. బసవన్న కాలపు శరణుల్లో మడివాళ మాచిదేవుడు వాళ్లవాడే. పన్నెండో శతాబ్దంలో బట్టలుతికిన మనిషిని ఈ నేల భక్తుడిగా తలకెత్తుకుంది. ఇప్పుడు ఆ పేట మీదుగా రోజూ కంపెనీ బస్సుల్లో వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

అలాగని ఆ రోజులన్నీ బంగారమని నేననను. డిసెంబరు చలిలో, వేకువ చీకట్లో, గడ్డకట్టినట్టున్న నీళ్లలో చేతులు పెట్టి ఉతికింది నేను కాదు, మా ఆవిడ. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, ఉప్పు తగిలితే మంట పుట్టేది ఆవిడకు. పిల్లలు పుట్టాక పొత్తిగుడ్డలు, జ్వరాలొస్తే దుప్పట్లు. తొంభైల్లో సెమీ ఆటోమాటిక్ మెషిను కొన్నాం. ఆ రోజు నేను నిజంగా సంతోషించాను. బండ దగ్గరి చాకిరీ మెషిను తీసుకుంది, ఆరబెట్టే పని ఎండకే ఉండిపోయింది. అక్కడితో ఆగితే నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అక్కడితో ఆగనివ్వలేదు ఈ అపార్ట్‌మెంట్లు.

మా అబ్బాయి ఉండే చోట టెర్రస్ తలుపుకు తాళం. అడిగితే సోలార్ ప్యానెళ్లున్నాయంటారు, నీళ్ల ట్యాంకులున్నాయంటారు, పిల్లలు ఎక్కితే ప్రమాదమంటారు. బాల్కనీ రెయిలింగు మీద బట్టలు వేస్తే బిల్డింగు అందం చెడుతుందట, దానికొక రూలు, ఆ రూలు తప్పితే వాట్సాప్ గ్రూపులో ఫొటో. ఇక మిగిలింది వంటింటి వెనక యుటిలిటీ. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు, ఎదురుగా పక్క బ్లాకు గోడ. ఏడాది పొడుగునా అక్కడ ఒక్క ఎండ పొడ పడదు. ఈ ఊళ్లో సెప్టెంబరు, అక్టోబరుల్లో వానలు మరీ ముదురుతాయి. అప్పుడు పడగ్గదిలో స్టాండు వేసి బట్టలారేస్తే, గదంతా ముక్క వాసన, బీరువా వెనక బూజు. "మామయ్యా, మూడు రోజులైంది, పిల్లాడి యూనిఫాం ఇంకా చెమ్మగానే ఉంది" అని కోడలు అంటే, ఆ అమ్మాయి తప్పేముంది? పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చే మనిషి. ఎండ ఉన్నప్పుడు తను ఇంట్లో ఉండదు, తను ఉన్నప్పుడు ఎండ ఉండదు.

అందుకే సరే అన్నాను. సరే అన్నాక, పని సవ్యంగా జరగాలి కదా.

ముందు షాపువాడు ఒకే మెషినులో రెండు పనులూ చేసే కాంబో చూపించాడు. చోటు కలిసొస్తుందన్నది నిజమే. కానీ ఎనిమిది కిలోలు ఉతికే కాంబో సాధారణంగా అయిదు కిలోలే ఆరబెడుతుంది. అంటే మూడు కిలోలు తీసి పక్కన పెట్టాలి. పైగా చాలా కాంబోలు ఆవిరిని చల్లార్చడానికి కొళాయి నీళ్లే వాడతాయి. బట్టలు ఆరబెట్టడానికి నీళ్లు ఖర్చవడమేమిటి? 2024 మార్చిలో ఈ ఊరు ఎలా అల్లాడిందో మరిచిపోయారా? తాగే నీళ్లతో కారు కడిగితే అయిదు వేల జరిమానా అని జలమండలి ఉత్తర్వు వేసిన ఊరిది. కావేరి నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల నుంచి, సుమారు అయిదు వందల మీటర్ల ఎత్తు మూడు అంచెల్లో పంపు చేస్తే మనకు అందుతాయి. ఆ నీటిని ఆవిరి చల్లార్చడానికి పోయడం నాకు పాపమనిపిస్తుంది.

కనుక రెండు వేర్వేరు మెషిన్లే. ఉతికేది ముందు తలుపున్నదే కావాలి, పైమూత ఉన్నదాని మీద ఇంకొకటి నిలబెట్టలేం కదా. ఆరబెట్టేదాంట్లో హీటరుతో పనిచేసేవి ఒక రకం, హీట్‌పంపువి ఒక రకం. మొదటివి చవక, కానీ ఎనిమిది కిలోల తడి బట్టలకు నాలుగైదు యూనిట్లు తాగుతాయి. వేడి తేమగాలిని గొట్టంతో బయటికి పంపే రకమైతే గోడకు కన్నం కూడా కొట్టాలి. హీట్‌పంపు డ్రయ్యరు ధర ఎక్కువ, సమయమూ ఎక్కువే, కానీ రెండు యూనిట్ల లోపు పని ముగిస్తుంది. బట్టల నుంచి లాగిన నీళ్లను తొట్టిలోకి దించుతుంది, లేదా పైపుతో కిందికి వదులుతుంది. దాన్నే తీసుకోమన్నాను. ఇంకో మాట, ఉతికే మెషిను ఎంత గట్టిగా పిండితే డ్రయ్యరుకు అంత పని తగ్గుతుంది. నిమిషానికి 1400 చుట్లు తిరిగితే పొడి బట్ట బరువులో సగం దాకా నీరు మిగులుతుంది. 800 చుట్లే అయితే డెబ్బై శాతం దగ్గర మిగులుతుంది. షాపుల్లో దీని గురించి ఒక్కరు చెప్పరు. స్టీమ్ గురించి, వైఫై గురించి గంట చెబుతారు.

కొలతల్లో ఎవరూ ఆలోచించని సంగతి ఎత్తు. ఒక్కో మెషిను 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 ఎత్తు. ఒకదాని మీద ఒకటి పెడితే 170 దాటుతుంది. పైదాని మీటలు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటాయి. మా ఆవిడ అయిదడుగులు. ఆవిడకు మీటల మీద అక్షరాలు కనబడాలంటే స్టూలెక్కాలి. డెబ్బై దాటిన మనిషిని, తడి నేల మీద, స్టూలెక్కించే వస్తువును ఇల్లు సుఖపడడానికి కొనుక్కున్నామని ఎలా అనగలం? ఇళ్లలో పెద్దవాళ్లుంటే దయచేసి వాళ్లను ఒకసారి షాపుకు తీసుకెళ్లి మెషిను ముందు నిలబెట్టండి. రెండూ కలిసి ఒకే నిలువు మెషినుగా, మీటలు మధ్యలో ఉండేవి కూడా తయారయ్యాయి. పెద్దవాళ్ల చేతికి అందుతాయి, కానీ ఒకటి చెడితే రెండూ కదలాలి. మా ఇంట్లో డ్రయ్యరు కోడలి వంతు, వాషరు మా ఆవిడ వంతు అని తీర్మానం జరిగింది.

బిగించే రోజు నా రక్తం మరిగింది. జాలహళ్లిలో లేతు మెషిన్ను పునాది మీద కూర్చోబెట్టేటప్పుడు మట్టం చూసే స్పిరిట్ లెవెల్ అటు పెట్టి, ఇటు పెట్టి, వెంట్రుకవాసి తేడా ఉన్నా మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. వచ్చిన కుర్రాడి సంచిలో లెవెలే లేదు. యుటిలిటీ నేల నీళ్లు పోవడానికి జాలీ వైపు వాలుగా ఉంటుందన్న ఆలోచన లేదు. రెండు మెషిన్ల మధ్య ఒక రబ్బరు చాప వేసి పెట్టేస్తానన్నాడు. కింద డెబ్బై కిలోల మెషిను 1400 చుట్లు తిరుగుతుంటే, పైన యాభై కిలోల మెషిను రబ్బరు చాప మీద నిలుస్తుందా? స్టాకింగ్ కిట్ అని ఉంటుంది, ఆ కంపెనీది, ఆ మోడల్‌కు సరిపడేది, కొలత తప్పకుండా కొనుక్కోవాలి. అది లేకుండా పైకెత్తవద్దని పంపించేశాను. కిట్ వచ్చాకే మళ్లీ రమ్మన్నాను.

మరో సంగతి. కొత్త వాషరు వెనక రవాణా కోసం బిగించిన బోల్టులుంటాయి. అవి తీయకుండా తిప్పితే మెషిను గదంతా నడుస్తుంది, బేరింగు దెబ్బతింటుంది. తీసినవాటిని పారేయకుండా దాచండి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ కావాలి. బజార్లో అమ్మే చక్రాల స్టాండు జంట మెషిన్ల కింద ఎప్పుడూ వద్దు. మెషిను కాళ్లే తిప్పి మట్టం సరిచేయాలి. రెండింటికీ వేర్వేరు 16 ఆంపియర్ల ప్లగ్గులుండాలి. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో రెండూ పెట్టిన ఇల్లు నేను కళ్లారా చూశాను, వణుకు పుట్టింది. వాన జల్లు కొట్టే చోటు కాబట్టి ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. డ్రయ్యరు జల్లెడలో పేరుకునే నూలు పీచు ప్రతిసారీ తీయాలి, తీయకపోతే నిప్పుకు దారి. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు కఠిన జలం. వాషరు హీటరు మీద పొలుసు కడుతుంది కాబట్టి అప్పుడప్పుడూ డీస్కేలింగ్ చేయాలి.

సబ్బు పౌడరు సంగతి చెప్పకుండా వదలను. ఫ్రంట్‌లోడ్ మెషిను ఒక విడతకు యాభై, అరవై లీటర్లతో సరిపెడుతుంది, ఆ మేరకు దానికి నా మెప్పు. కానీ మూత నిండా లిక్విడ్ పోసి, ఇంకో మూత కూడా పోసే అలవాటు పోవాలి. వర్తూరు చెరువు నురగ గాలికి లేచి రోడ్డు మీద వాహనాలకు అడ్డం పడడం ఈ ప్రాంతంవాళ్లు చూశారు. బెళ్లందూరు చెరువు 2015లో, 2017లో నిప్పంటుకుని దేశమంతా వార్తయింది. శుద్ధి చేయని మురుగు ఆ చెరువుల్లో చేరింది, అందులో మన ఇళ్ల సబ్బు నీళ్లూ ఉన్నాయి. ఆ నురగలో మా వీధి వాటా ఎంతో, మీ వీధి వాటా ఎంతో ఎవరు తేలుస్తారు?

మెషిను బాగానే పనిచేస్తోంది. టవళ్లు మెత్తగా వస్తున్నాయి, పిల్లాడి యూనిఫాం పొద్దుటికి సిద్ధం. ధర్మవరం పట్టు, మంగళగిరి చీరలు, నా ఖద్దరు చొక్కాలు మాత్రం అందులో వేయనివ్వను. నూలు కుదించుకుపోతుంది, జరీ పాడవుతుంది. అవి కిటికీ పక్కన నీడలోనే ఆరతాయి.

నా కోపం మెషిను మీద కాదు. దీన్ని తప్పనిసరి చేసిన ఇళ్ల మీద. ఏడాదిలో ఎనిమిది నెలలు ఉచితంగా దొరికే ఎండను తాళం వేసి దాచేసి, ఆ పనికి ఇంటింటికీ ఒక మెషినును బిగించుకోవడం తెలివైన ఊరు చేసే పని కాదు. 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం పైకప్పును ఉమ్మడి స్థలాల్లోనే చేర్చింది. అది సెక్రటరీది కాదు, బిల్డరుది కాదు, అందరిదీ. ప్యానెళ్లు పోగా మిగిలిన చోట నడుమెత్తు కంచె కట్టి, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా తలుపు తెరిచి, వరసకు నాలుగు ఇనప తీగలు కట్టించండి. వచ్చే జనరల్ బాడీ మీటింగులో ఈ మాట మీరే లేవనెత్తండి. కొత్తగా ఫ్లాటు కొనేవాళ్లు క్లబ్‌హౌస్ ఎంత పెద్దదని అడిగే ముందు, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలని బిల్డరును అడగండి. ప్లానులో ఆ చోటు చూపించలేకపోతే సంతకం పెట్టకండి.