స్విచ్చుల పంచాయతీ

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒక్కసారి తిరిగి చూడండి. గోడలకు సున్నం కంటే కోర్సుల బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. అక్కడే ఒక మేడ మీది గదిలో నేను కంప్యూటర్ నెట్‌వర్కుల స్విచ్చింగ్, రౌటింగ్ నేర్చుకుంటున్నాను. ఓనమాలు దాటాను. స్లాష్ 26 అంటే 64 చిరునామాలనీ, మొదటిదీ చివరిదీ ఎవరికీ ఇవ్వకూడదు గనక మిగిలేవి 62 అనీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా బామ్మ మాత్రం “మరి ఆ రెండూ ఎవరు మింగార్రా?” అంటుంది.

ఓనమాలు దాటాక తెలిసిందేమిటంటే, ఇది తీగల విద్య కాదు, ఎన్నికల విద్య.

ఒక తీగ తెగితే ఇంకోటి ఉంటుందని స్విచ్చుల మధ్య రెండు తీగలు లాగుతాం. అక్కడే లూప్ పుడుతుంది. ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్ అని ఆయుష్షు రాసిపెట్టి ఉంటుంది. రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గి, సున్నా కాగానే హరీ అంటుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆ రాత లేదు, అది చిరంజీవి. ఒక్క బ్రాడ్‌కాస్ట్ లూప్‌లో పడిందా, తిరిగి తిరిగి ఆఫీసు మొత్తాన్ని పడుకోబెడుతుంది.

దీనికి మందు కనిపెట్టినావిడ రాడియా పెర్ల్‌మన్. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ స్పానింగ్ ట్రీ తయారుచేశారు. దాని మీద ఒక పద్యం కూడా రాశారు. నాకు ముందు అర్థమైంది పద్యమే.

స్పానింగ్ ట్రీలో స్విచ్చులన్నీ కలిసి రూట్ బ్రిడ్జి అనే పెద్దను ఎన్నుకుంటాయి. ఆ పెద్ద దగ్గరికి ఒక్కో దారి ఉంచుకుని, అదనపు దారులు మూసేస్తాయి. ఇక్కడ తక్కువ అంకె ఉన్నదే గెలుస్తుంది. పుట్టుకతో అందరి ప్రయారిటీ 32768. అందరూ సమానమైతే మ్యాక్ చిరునామా చిన్నదున్న పెట్టె నెగ్గుతుంది. ఒకే కంపెనీ పెట్టెల్లో చిన్న మ్యాక్ సాధారణంగా పాతదానికే ఉంటుంది. అంచేత లక్షలు పోసి కొత్త స్విచ్ తెచ్చినా, పెత్తనం మాత్రం బీరువా వెనక దుమ్ము పట్టి మూలుగుతున్న ముసలి స్విచ్చుదే.

సరే, తక్కువ అంకెదే గెలుపు అని బట్టీపట్టి రౌటర్ల దగ్గరికి వెళ్తే అక్కడ చట్టం తిరగబడింది. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ పద్ధతిలో డిజిగ్నేటెడ్ రౌటర్ పదవి ఎక్కువ అంకె ఉన్నవాడికి. పైగా ఒకసారి కుర్చీ ఎక్కాక, తనకంటే పెద్ద అంకెవాడు ఊళ్ళోకి దిగినా లేవడు. పెట్టె ఆగాలి, లేదా మనమే ఆ ప్రాసెస్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ నియమం చెప్పినప్పుడు క్లాసులో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. కుర్చీ సంగతి తెలుగువాడికి ఒకరు చెప్పాలా?

ఇక ఒకే ఊరికి నలుగురు నాలుగు దారులు చెప్తే ఎవరి మాట వినాలి? దానికీ అంకెలున్నాయి. సిస్కో రౌటర్‌లో రిప్ అనే ఇంకో పద్ధతి చెప్పిన దారికి 120, ఓఎస్‌పీఎఫ్ చెప్పినదానికి 110, మనిషి చేత్తో రాసిన స్టాటిక్ దారికి 1. అంకె ఎంత తగ్గితే నమ్మకం అంత ఎక్కువ. లెక్కలు కట్టి, పొరుగువాళ్ళను వాకబు చేసి తెచ్చిన దారిని పక్కన పెట్టి, రాత్రి పన్నెండింటికి ఆవులిస్తూ నేను కొట్టిన గీతను నమ్ముతుంది. యంత్రానికి మనిషి మీద ఇంత విశ్వాసమా అని గర్వపడాలో భయపడాలో తెలియదు.

కొత్తగా ఈ విద్యలోకి వచ్చేవాళ్ళకు నా మాట ఒక్కటే. స్విచ్ ప్రయారిటీ 4096 చొప్పున మెట్లుమెట్లుగా మారుతుంది. పెద్దరికం ఏ పెట్టెకు ఇవ్వాలో ముందే తేల్చుకుని, దానికి 4096 రాసిపెట్టండి. మీరు తేల్చకపోయినా ఎన్నిక ఆగదు. ముసలిదే గెలుస్తుంది, ఫోన్ మాత్రం మీకే వస్తుంది.